దక్షిణ ధ్రువానికి దారిబత్తెం

దక్షిణ ధ్రువం అనగానే మనకు రెండు పేర్లు గుర్తొస్తాయి. 1911 డిసెంబరు 14న అక్కడికి చేరిన నార్వే దేశస్థుడు రోల్డ్ అముండ్‌సెన్. 1912 జనవరి 17న చేరి, తిరుగు ప్రయాణంలో మంచులోనే చనిపోయిన ఇంగ్లీషువాడు రాబర్ట్ స్కాట్. ఒకరి గెలుపుకూ మరొకరి చావుకూ చరిత్రకారులు చెప్పే కారణాల్లో ముఖ్యమైనది ఏర్పాట్లు. అముండ్‌సెన్ మనుషులు స్కీల మీద, అంటే కాళ్లకు పొడవాటి సన్నటి పలకలు బిగించుకుని మంచు మీద జారుతూ నడవడంలో ఆరితేరినవాళ్లు. కుక్కలెన్ని, తిండెంత, నిల్వ చేసిన చోటికి గుర్తేమిటి అన్నీ ముందే లెక్క చూసుకున్నారు. స్కాట్ గుర్రాల మీద కొంత, మోటారు బండ్ల మీద కొంత, కుక్కల మీద కొంత ఆధారపడి, చివరికి మనుషులతోనే బళ్లు లాగించాడు. ధ్రువయాత్ర సగం కాగితం మీదే జరుగుతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఎంత తిండి కావాలి, ఎన్నాళ్లకు సరిపోవాలి, ఏది ముందు వండాలి, ఏది దాచాలి, ఎవరికి ఒంట్లో బాగోకపోతే ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నలు వేసుకోవడం ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇల్లు నడపడమంటేనే అది. మరి ఈ విద్య ఇంత బాగా వచ్చినవాళ్లు స్కీల మీద దక్షిణ ధ్రువానికి చేరడానికి 1989 దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? చలి అని, బలహీనత అని చాలాకాలం చెప్పారు. చరిత్ర చూస్తే వేరే జవాబు దొరుకుతుంది. వాళ్లకు లేనిది ఒంట్లో సత్తువ కాదు. తమ ప్రయాణానికి తామే ఏర్పాట్లు చేసుకునే అధికారం, ఆ ఏర్పాట్లకు కావలసిన అనుమతి, డబ్బు, సెలవు లేవు.

పేర్లు వెళ్లాయి, మనుషులు వెళ్లలేదు

అంటార్కిటికా పటం తెరిచి చూడండి. ఎన్ని ఆడపేర్లో! ఫ్రెంచి నావికుడు ద్యుమాఁ ద్యుర్విల్ 1840లో తాను చూసిన తీరానికి భార్య అడెలీ పేరు పెట్టాడు. అక్కడి పెంగ్విన్లకూ ఆ పేరే వచ్చింది. అమెరికన్ రిచర్డ్ బర్డ్ 1929లో తాను విమానంలోంచి చూసిన భూభాగానికి భార్య మేరీ బర్డ్ పేరు పెట్టాడు. నార్వే వాళ్లు తమ రాణి మాడ్ పేరు పెట్టుకున్నారు. పేర్లు ఇలా ముందే వెళ్లిపోయాయి. ఆ పేర్లున్న మనుషులు మాత్రం ఇళ్లలోనే ఉన్నారు. స్కాట్, షాకిల్టన్‌ల కాలంలో స్లెడ్జిల మీద ఎగరేసిన చిన్న జెండాల్లో చాలావాటిని కుట్టింది వాళ్ల తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యలే.

1914 జనవరిలో ముగ్గురు ఇంగ్లీషు అమ్మాయిలు, పెగ్గీ పెగ్రిన్, వాలరీ డేవీ, బెట్టీ వెబ్‌స్టర్, ఎర్నెస్ట్ షాకిల్టన్‌కి ఉత్తరం రాశారు. మేం ఆరోగ్యంగా, బలంగా ఉన్నాం, మమ్మల్నీ యాత్రకు తీసుకెళ్లండి, ఆడదుస్తులు ఇబ్బందనుకుంటే మగదుస్తులే వేసుకుంటాం అన్నది దాని సారాంశం. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. స్త్రీలకు ఈ యాత్రలో ఖాళీలు లేవన్నాడు. ‘ఖాళీలు లేవు’ అనే మాట గమనించండి. మీకు చాతకాదు అనలేదు. చోటు లేదన్నాడు. తర్వాత యాభై ఏళ్లకు పైగా రకరకాల ఆఫీసులు స్త్రీలకు ఈ జవాబునే వేర్వేరు మాటల్లో చెబుతూ వచ్చాయి.

ఈ మధ్యలో వెళ్లిన ఒకరిద్దరు భార్యలుగా వెళ్లారు. 1935లో అంటార్కిటికా ప్రాంతంలో కాలు పెట్టిన మొదటి స్త్రీగా నమోదైన కారొలీన్ మికెల్సన్ ఒక ఓడ కెప్టెన్ భార్య. 1947-48లో ఈడిత్ రోన్నే, జెన్నీ డార్లింగ్టన్ తమ భర్తలతోపాటు స్టోనింగ్టన్ దీవిలో ఏడాది గడిపి, ఆ ఖండంలో శీతాకాలం ఉన్న మొదటి స్త్రీలయ్యారు. ఆడవాళ్లు రాకూడదని ఆ బృందంలోని కొందరు మగవాళ్లు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. ఈడిత్ భర్త ఫిన్ రోన్నే ఆ యాత్రలో చూసిన ప్రాంతానికి ‘ఈడిత్ రోన్నే లాండ్’ అని పేరు పెట్టాడు. అది చాలావరకు సముద్రంపై తేలే మంచుపలక అని తర్వాత తేలింది. ఇవాళ పటంలో దాని పేరు రోన్నే ఐస్ షెల్ఫ్. ఈడిత్ పోయి ఇంటిపేరు మిగిలింది. ఈ చోటును గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

చేతులు పట్టుకుని దిగిన ఆరుగురు

అమెరికా పరిశోధనా కేంద్రాలకు రవాణా అంతా నౌకాదళం చేతిలో ఉండేది. 1969 దాకా స్త్రీలను తీసుకెళ్లడానికి ఆ దళం ఒప్పుకోలేదు. ఆ ఏడు ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన లోయిస్ జోన్స్ నలుగురు స్త్రీల బృందంతో పరిశోధనకు వెళ్లగలిగింది. 1969 నవంబరు 11న ఆ బృందంతోపాటు న్యూజీలాండ్‌కు చెందిన పామ్ యంగ్‌ను, విలేకరి జీన్ పియర్సన్‌ను ధ్రువానికి విమానంలో తీసుకెళ్లారు. విమానం వెనక తలుపు తెరుచుకున్నాక ఆరుగురూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఒక్కసారే మంచు మీదికి అడుగువేశారు. దాంతో ‘ధ్రువం మీద కాలుపెట్టిన మొదటి స్త్రీ’ అని ఎవరో ఒక్కరి పేరు రాసుకునే వీలు లేకుండా పోయింది.

మగవాళ్లు రాసిన ధ్రువ చరిత్రంతా ‘మొదట ఎవరు’ అన్న పోటీ చరిత్రే. అందులో ఈ దృశ్యం ఎంత విడిగా కనిపిస్తుందో చూడండి. అయితే వాళ్లు వచ్చింది విమానంలో, అదీ కొద్దిసేపటికి. తమ కాళ్ల మీద తాము అక్కడికి నడిచి వెళ్లడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. ఎందుకో తెలియాలంటే ఆ ప్రయాణానికి ఏమేం కావాలో తెలియాలి.

గ్రాముల లెక్క

మనకు చలికాలం మొదలయ్యే నవంబరులో అక్కడ వేసవి మొదలవుతుంది. నవంబరు నుంచి జనవరి చివరిదాకా సూర్యుడు అస్తమించడు. ఆ మూడు నెలలే గడువు. చిలీ దక్షిణ కొసన ఉన్న పుంటా అరీనస్ ఊరినుంచి పెద్ద విమానం గట్టి నీలిమంచు మీద దిగుతుంది. మొదట పేట్రియట్ హిల్స్ అనే చోట, 2010 నుంచి యూనియన్ గ్లేసియర్ అనే చోట ఆ విడిది. అక్కణ్ణించి చిన్న విమానంలో హెర్క్యులిస్ ఇన్‌లెట్ అనే తీరానికి చేరుస్తారు. ఇది మనం చెప్పుకున్న రోన్నే మంచుపలక అంచే. అక్కణ్ణించి ధ్రువం దాదాపు 1,130 కిలోమీటర్లు. సముద్రమట్టం దగ్గర మొదలై 2,835 మీటర్ల ఎత్తుకు వెళ్లాలి. ఆ ఎత్తునుంచి కిందికి జారే గాలి ఎప్పుడూ ఎదురుగానే కొడుతుంది. గాలికి చెక్కుకుపోయి, గట్టిపడిన మంచు గట్లు దారికి అడ్డం వస్తాయి.

మామూలుగా ఈ నడక నలభై నుంచి యాభై రోజులు పడుతుంది. రోజుకు కిలో తిండి అనుకున్నా యాభై కిలోలు. మంచు కరిగిస్తేగాని తాగడానికి నీళ్లుండవు కనక స్టవ్వుకు ఇంధనం కావాలి. గుడారం, పడుకునే సంచి, మందులు, ఉపగ్రహ ఫోను, బాగుచేసే సామాను. అంతా స్లెడ్జి మీద వేసి నడుముకు కట్టుకుని లాగాలి. బరువు ఎనభై, తొంభై కిలోలకు చేరుతుంది. అందుకే బయల్దేరేముందు వారాల తరబడి జరిగే పని అచ్చంగా వంటింటి పనిలా ఉంటుంది. అట్టపెట్టెలన్నీ విప్పి తిండిని రోజువారీ పొట్లాలుగా కట్టడం, నెయ్యీ చాక్లెట్లూ గింజలూ తూచి కలపడం, గడ్డకట్టాక కొరకలేరు కనక ముందే ముక్కలు చెయ్యడం. బరువు తగ్గించడానికి టూత్‌బ్రష్ పిడి కూడా సగానికి కోసేస్తారు. నెలసరికి ఏం చెయ్యాలి, ఆ గాలిలో బట్టలు విప్పకుండా మూత్రానికి ఎలా వెళ్లాలి అనేవి కూడా ఈ జాబితాలోవే. మగవాళ్లు రాసిన యాత్రా గ్రంథాల్లో ఇవి ఉండవు. ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకుని తెలుసుకున్నవి.

ఇల్లు నడిపితే బాధ్యత, యాత్ర నడిపితే నాయకత్వం అని పేరు పెట్టారు గాని, రెంటిలోనూ ఉన్న తెలివి ఒక్కటే. తేడా ఎవరి కోసం చేస్తున్నారన్న దగ్గరే వస్తుంది. మనలో చాలామంది నాలుగు రోజులు ఊరెళ్లాలంటే ముందు ఇంట్లోవాళ్లకు దారిబత్తెం కట్టాలి. పిండి రుబ్బి, పొడులు కొట్టి, పాలవాడికి చెప్పి, ఫ్రిజ్ నింపి, అప్పుడు మన సంచి సర్దుకుంటాం. ఆడవాళ్ల ప్రయాణంలో రెండు ప్రయాణాల ఏర్పాట్లుంటాయి. ఒకటి వెళ్లేవాళ్లది, రెండోది ఉండిపోయేవాళ్లది. రెండోదాని లెక్క ఏ యాత్రా చరిత్రలోనూ కనపడదు.

చందాలు, అప్పులు

స్కీల మీద మొదట ధ్రువం చేరిన స్త్రీలు అమెరికాకు చెందిన షర్లీ మెట్జ్, విక్టోరియా మర్డెన్. 1989 జనవరి 17న చేరారు. మగవాళ్లతో కలిసిన బృందం అది. మన సైన్యానికి చెందిన కల్నల్ జె.కె. బజాజ్ కూడా అందులో ఉన్నాడు. స్త్రీలే పథకం వేసి, స్త్రీలే డబ్బు పోగుచేసి, స్త్రీలే నడిచిన యాత్ర మాత్రం 1992లో జరిగింది.

దాని నాయకురాలు ఆన్ బాంక్రాఫ్ట్ మిన్నెసోటాలో స్కూలు టీచరు. 1986లో కుక్కబండ్లతో ఉత్తర ధ్రువం చేరిన స్టీగర్ బృందంలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ. దక్షిణ ధ్రువానికి స్త్రీల బృందంతో వెళ్లాలని ఆమె ఏళ్ల తరబడి కంపెనీల చుట్టూ తిరిగింది. పెద్ద కంపెనీలేవీ ముందుకు రాలేదు. టీషర్టులు అమ్మి, చిన్న చిన్న చందాలు పోగుచేసి, అది చాలక అప్పుచేసి నలుగురు బయల్దేరారు. బాంక్రాఫ్ట్, స్యూ గిల్లర్, ఆన్ డాల్ వెరా, సున్నివా సోర్బీ. 1992 నవంబరు 9న మొదలై 67 రోజులకు, 1993 జనవరి 14న ధ్రువం చేరారు. అసలు పథకం ధ్రువం దాటి ఖండం అవతలి ఒడ్డుకు చేరడం. బృందంలో కొందరు జబ్బుపడ్డారు. అవతల ఓడ వెళ్లిపోయేలోగా చేరే వ్యవధీ లేదు. అందుకని అక్కడితో ఆపేశారు.

ఇక్కడ మనం కాస్త ఆగాలి. మనుషుల ప్రాణం కంటే పథకం ముఖ్యమనుకున్న యాత్రలను వీరగాథలుగా చదువుకున్నాం. ఆగిపోవడం కూడా ఏర్పాట్లలో భాగమేనని ఈ నలుగురూ చూపించారు. ఇంటికొచ్చాక బాంక్రాఫ్ట్‌ను ఆ అప్పు వెంటాడింది. తీర్చడానికి ఏళ్లు పట్టింది. స్కాట్ చనిపోయాక అతని యాత్ర అప్పులు తీర్చడానికి దేశమంతా చందాలిచ్చింది. ప్రాణాలతో తిరిగొచ్చిన ఆడవాళ్ల అప్పు వాళ్లదే అయింది.

1994 డిసెంబరు 24న నార్వేకు చెందిన లివ్ ఆర్నెసెన్, ఆమె కూడా టీచరే, ఒంటరిగా, మధ్యలో ఎవరి సాయమూ తీసుకోకుండా 50 రోజుల్లో ధ్రువం చేరింది. ఆమె రాసిన పుస్తకం పేరుకు అర్థం ‘బుద్ధిమంతులైన అమ్మాయిలు దక్షిణ ధ్రువానికి వెళ్లరు’ అని. స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చిన మొదటి దేశాల్లో ఒకటైన నార్వేలో, ఇంటింటా స్కీలుండే చోట కూడా ఆ మాట వినిపించిందంటే పితృస్వామ్యానికి వాతావరణంతో పనిలేదని తెలుస్తుంది.

చిన్నప్పుడు షాకిల్టన్ కథ చదివి ఆ మంచుఖండం మీద మనసు పెంచుకున్న ఈ ఇద్దరూ తర్వాత కలుసుకున్నారు. 2000 నవంబరులో క్వీన్ మాడ్ లాండ్‌లో బయల్దేరి, 94 రోజుల్లో దాదాపు 2,700 కిలోమీటర్లు స్కీల మీద, గాలి వాలున్నప్పుడు తెరచాపల సాయంతో, ఖండాన్ని దాటి 2001 ఫిబ్రవరిలో రాస్ మంచుపలక చేరారు. ఖండాన్ని స్కీల మీద దాటిన మొదటి స్త్రీలు. ఈసారి కంపెనీలు డబ్బిచ్చాయి. రాణి పేరున్న చోటునుంచి ఇద్దరు పంతులమ్మలు నడిచారు. స్త్రీలకు ఖాళీలు లేవన్న షాకిల్టన్ దాటాలనుకుని దాటలేకపోయిన ఖండం అదే.

మంచు చూడనివాళ్ల బృందం

మంచుదేశాల తెల్లజాతి స్త్రీలకే పరిమితమైన ఈ చరిత్రను కాస్త వెడల్పు చేసింది ఫెలిసిటీ ఆస్టన్. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేలో వాతావరణ పరిశీలకురాలిగా రొథెరా కేంద్రంలో పనిచేసింది. ఆ సంస్థ కేంద్రాల్లో స్త్రీలు శీతాకాలం ఉండడం 1990లలోగాని మొదలవలేదు. ఆ తలుపు తెరుచుకున్నాక లోపలికి వెళ్లిన తరం ఆమెది. కామన్వెల్త్ ఏర్పడి 60 ఏళ్లయిన సందర్భంగా 2009లో ఎనిమిది దేశాల స్త్రీలతో ధ్రువానికి వెళ్లాలని ఆమె పథకం వేసింది. ఎనిమిది వందలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఎంపికైనవాళ్లలో బ్రూనై, జమైకా, సైప్రస్, సింగపూర్‌ల వాళ్లున్నారు. కొందరికి స్కీలు కొత్త, కొందరికి మంచే కొత్త. నార్వేలో శిక్షణ మొదటి పాఠం నుంచి మొదలైంది.

జమైకాకు చెందిన కిమ్ మేరీ స్పెన్స్ వేళ్లు మొదట్లోనే చలికి దెబ్బతిని వెనుదిరగాల్సి వచ్చింది. మిగతా ఏడుగురు 900 కిలోమీటర్లు నడిచి 2009 డిసెంబరు చివరలో ధ్రువం చేరారు. వాళ్లు బయల్దేరింది కూడా రోన్నే మంచుపలక అంచునుంచే. అందులో ఒకరు మన దేశానికి చెందిన రీనా కౌశల్ ధర్మశక్తు. పర్వతాల్లో శిక్షణ ఇవ్వడం ఆమె వృత్తి. స్కీల మీద దక్షిణ ధ్రువం చేరిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. బచేంద్రి పాల్ పేరు తెలిసినంతగా ఈమె పేరు మనలో ఎంతమందికి తెలుసు?

2012 జనవరిలో ఆస్టన్ ఒంటరిగా ఖండాన్ని దాటింది. 59 రోజులు, 1,744 కిలోమీటర్లు. తెరచాప లేకుండా, కండబలంతోనే. ఒంటరిగా స్కీల మీద ఆ ఖండాన్ని దాటిన మొదటి స్త్రీ.

శరీరం గురించిన పాత భయాలకు జవాబు చెప్పే పని 2018లో జరిగింది. బ్రిటిష్ సైన్యానికి చెందిన ఆరుగురు స్త్రీలు 62 రోజుల్లో దాదాపు 1,700 కిలోమీటర్లు నడిచి ఖండం దాటారు. వాళ్ల శరీరాలను ముందూ వెనకా పరీక్షించిన వైద్యులు ఒత్తిడికి, పునరుత్పత్తికి సంబంధించిన హార్మోన్ల పనితీరు నిలకడగానే ఉందని చెప్పారు. ఆరుగురి మీద చేసిన పరిశీలనతో అన్నీ తేలిపోవు. కాని ఏ పరిశీలనా లేకుండానే వందేళ్లు స్త్రీల శరీరం దీనికి పనికిరాదని చెప్పినవాళ్లను ఎవరూ రుజువులు అడగలేదు కదా!

2022 జనవరి 3న ప్రీత్ చాందీ ఒంటరిగా ధ్రువం చేరింది. ఇంగ్లండులోని డెర్బీలో పంజాబీ కుటుంబంలో పుట్టిన సిక్కు స్త్రీ, సైన్యంలో ఫిజియోథెరపిస్టు. తొంభై కిలోల స్లెడ్జి, నలభై రోజులు. మంచు దొరకని చోట నడుముకు టైర్లు కట్టుకుని లాగుతూ సాధన చేసింది. మరుసటి ఏడు 120 కిలోలతో బయల్దేరి 70 రోజుల్లో 1,485 కిలోమీటర్లు నడిచింది. అప్పటికి ఒంటరిగా, సాయం లేకుండా చేసిన ధ్రువ స్కీయాత్రల్లో అదే పొడవైనది. ఖండం దాటాలన్న పథకం మాత్రం గడువు చాలక పూర్తవలేదు. ఆమె కూడా ఆగింది.

ఎవరికి చోటుంది?

మన దేశం వైపునుంచి చూస్తే, 1983-84లో వెళ్లిన మూడో భారత యాత్రలో భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా, సముద్ర శాస్త్రవేత్త అదితీ పంత్ ఉన్నారు. అంటార్కిటికాకు వెళ్లిన మొదటి భారతీయ స్త్రీలు వాళ్లే. హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ శాస్త్రవేత్త మంగళా మణి 2016-17లో, యాభయ్యారేళ్ల వయసులో, భారతి కేంద్రంలో 403 రోజులుంది. ఇరవై ముగ్గురి బృందంలో ఆమె ఒక్కతే స్త్రీ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో పుట్టిన గిరిజన యువతి మాలావత్ పూర్ణ 2019 డిసెంబరులో ఆ ఖండంలోకెల్లా ఎత్తయిన విన్సన్ శిఖరం ఎక్కింది. స్కీ యాత్రికులు దిగే యూనియన్ గ్లేసియర్ విడిదే విన్సన్‌కూ దారి. అంటే ధ్రువానికి వెళ్లే దారి మొదలయ్యే చోటుదాకా తెలంగాణ పల్లెనుంచి ఒక అమ్మాయి వెళ్లింది. పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కడానికి ఆమెకు దారి చూపింది ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల. పేదింటి ఆడపిల్ల తరఫున ఒక ప్రభుత్వ వ్యవస్థ ఏర్పాట్ల భారం మోస్తే ఏం జరుగుతుందో అక్కడ చూశాం.

ఇవాళ ఆ ఖండానికి వెళ్లకూడదని స్త్రీలకు ఏ నౌకాదళమూ చెప్పదు. పర్యావరణ రక్షణకు 1991లో కుదిరిన ఒప్పందం ప్రకారం అనుమతి తీసుకోవాలి. చెత్త వెనక్కి తేవాలి. మన దేశం కూడా 2022లో దీనికి చట్టం చేసింది. ఈ నియమాలు ఆడామగా అందరికీ ఒకటే, ఉండాల్సినవే. ఇప్పుడు అడ్డం నిలబడేది ఖర్చు. గైడుతో పూర్తి దూరం స్కీయాత్రకు ఒక్క మనిషికి అర కోటి రూపాయలు దాటుతుంది. కంపెనీ లోగో, సైన్యం జీతం, పూర్వీకుల ఆస్తి, ఏదో ఒకటి ఉండాలి. పైగా ఏడాది సాధనకు, మూడు నెలల ప్రయాణానికి సెలవు కావాలి. ఉద్యోగం ఇచ్చే సెలవు ఒకటి, ఇల్లు ఇచ్చే సెలవు ఒకటి.

అందువల్ల ఈ యాత్రల గురించి చదివేటప్పుడు మొదట చేరిందెవరు అన్న దగ్గర ఆగకుండా మరికొన్ని వివరాలు అడగడం అలవాటు చేసుకుందాం. డబ్బెవరిచ్చారు? అప్పెవరు తీర్చారు? ఆమె మంచు మీద ఉన్న రోజుల్లో ఆమె పిల్లల్ని, ముసలి తల్లిదండ్రుల్ని ఎవరు చూసుకున్నారు? ఆ చూసుకున్నది కూడా మరో ఆడమనిషేనా? బాంక్రాఫ్ట్ అప్పు మనకు తెలిసింది ఆమె దాని గురించి బయటికి మాట్లాడింది కాబట్టి. మిగతావాళ్ల లెక్కల పుస్తకాలు కూడా చరిత్రలోకి రావాలి. వాటిని అడిగి రాయించే పని మనలాంటి పత్రికలదీ, మన విద్యార్థులదీ.